ఎంగిలి కాని తేనె

నీలగిరి తోపు లేని మొదటి చలికాలం అది. భూమిలో నీళ్ళన్నీ ఆ చెట్లే తాగేస్తున్నాయి, పీకేయండని రెండేళ్ళుగా అధికారులు చెబుతూ వచ్చారు. ఆ ఏడు కార్తీకంలో మామ జేసీబీ పిలిపించి నాలుగెకరాల తోపూ వేళ్ళతో సహా పెకలించాడు. ఊళ్ళో అందరూ మంచి పని చేశావన్నారు. నేనూ అన్నాను. మనసులో మాత్రం నాకు భయంగా ఉంది.

నాకు నెలలు పూలతోనే తెలుస్తాయి. ఉగాది నాటికి కానుగ, నేరేడు. ఆ వెనకే వేప. వానలకు ముందు చింత. రాగి కోతలయ్యాక ఏ చెట్టూ పూయని ఆ ఎండు చలిలో నీలగిరి. ఊరికి అది వంటచెరకు. నా ఎనిమిది పెట్టెల తేనెటీగలకు అదే రెండు నెలల తిండి. మామిడి పూస్తుంది కదా అంటారు తెలియనివాళ్ళు. మామిడి పూత కంటికి పండగే కానీ, తేనెటీగకు అందులో దొరికేది బొటాబొటి. పిలవని పెళ్ళికి వెళ్ళిన చుట్టంలాగా చుట్టూ తిరిగి వచ్చేస్తుంది.

మాది ముళబాగిలు దగ్గర పల్లె. ఇంట్లో మామ దొడ్డమునియప్ప, నా మొగుడు నాగేశ్, మరిది నందీశ్, అతని పెళ్ళాం చంద్రిక, నేను. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. నాకు పెళ్ళయి పన్నెండేళ్ళు, పిల్లలు లేరు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. బయట ఎత్తినవాళ్ళను నేను ఊరికే వదిలేదాన్ని కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, కొందరికి నా నోరే మందు. పెట్టెలు తెచ్చుకుంటానన్న రోజు ఊరంతా నవ్వితే, మామ ఒక్కడే నవ్వలేదు. బావి పక్క కానుగ చెట్ల కింద నేల చదును చేసి, కట్టెతో స్టాండ్లు కొట్టించి, "ఇంగ నీ ఇష్టమమ్మా" అన్నాడు.

పుష్యంలో చంద్రికను పురిటికి పుట్టింటికి పంపించాం. వాళ్ళది కేజీఎఫ్‌లో కోరమండల్, బంగారు గని కార్మికుల లైను ఇళ్ళు. బట్టలు సర్దుకుంటూ నన్ను గదిలోకి పిలిచింది.

"అక్కా, బిడ్డ నాలికకు తేనె నువ్వే రాయాల."

"మీ అమ్మ ఉండాది కదే."

"మా యమ్మ గుణమొస్తే ఎవురికి కావాల? పొద్దస్తమానం అరుస్తా ఉంటాది. ఎవురు రాస్తే వాళ్ళ గుణమే వస్తాదంటారు. నీదే రావాల."

"నా నోరొస్తే?"

"రానీ. నోరుంటేనే కదక్కా బతికేది."

నవ్వాను కానీ, వెనకింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పన్నెండేళ్ళలో నన్నెవరూ అలాంటిది అడగలేదు. శుభకార్యాల్లో నన్ను వెనక వరసలో నిలబెట్టడమే నాకు అలవాటు.

తేనె రాయడానికి మాలో ఒక కట్టు ఉంది. ఆ ఏడాది కొత్తగా తీసిన తేనె అయివుండాలి. ఎవరూ రుచి చూసి ఎంగిలి చేయకూడదు, తీసినవాళ్ళు కూడా. మొదటి చుక్క బిడ్డ నాలుకకే. నేను దానికి ఇంకో కట్టు కలుపుకున్నాను. పూత లేని రోజుల్లో పెట్టెలో చక్కెర నీళ్ళు పెట్టి ఈగలను బతికించుకుంటాం. ఆ ఏడు పెట్టనన్నాను. బిడ్డకు రాసే తేనెలో అంగడి చక్కెర కలవకూడదని పంతం పట్టాను. కానుగ పూసేదాకా ఎలాగో నెట్టుకొస్తాయిలే అనుకున్నాను.

మామిడి పూతతో పాటే జిగిపురుగు వచ్చింది. ఆకుల మీద జిగట కారి, దాని మీద మసి పట్టి, పూత నల్లబడి రాలిపోతుంది. మందు కొట్టక తప్పదు. చుట్టుపక్కల తోటల్లో పొద్దున్నే మిషన్లు మోగుతున్నాయి.

"మనం పగలు కొట్టేది లేదు శశమ్మా," అన్నాడు మామ. "నీ ఈగలు గూట్లో చేరినాకనే కొడతా."

"మసకలో పురుగూ పుట్రా ఉంటాయి మామా. చూసుకోవద్దా?"

"చంద్రిక నాయన నంజుండప్ప బావ ఇచ్చిన మైను లైటు ఉండాది. నెత్తికి కట్టుకుంటా. మైనులో లోపల దిగినోళ్ళకే దారి చూపించినాది, మన తోటలో చూపించదా?"

ఆ సాయంత్రం ఎండ దిగగానే నేను ఎనిమిది పెట్టెల వాకిళ్ళకూ తడిగుడ్డలు కుక్కాను. మామ తోటలోకి పోయాడు. చెట్ల మధ్య ఆయన నెత్తి మీది లైటు అటూ ఇటూ తిరగడం బావి దగ్గర్నుంచి చూశాను. నా కోసం డెబ్బై ఏళ్ళ మనిషి మసక చీకట్లో మందు డబ్బా మోస్తున్నాడని కడుపు నిండిపోయింది. మూడు సాయంత్రాలు కొట్టాడు. మూడు పొద్దులూ మందు ఆరిపోయుంటుందిలే అని ఎండెక్కాక గుడ్డలు తీసేశాను.

నాలుగో రోజు పొద్దున పెట్టెల ముందు నేల నల్లగా కనిపించింది. వంగి చూస్తే అన్నీ ఈగలు. కొన్ని చచ్చాయి, కొన్ని వెల్లకిలా పడి గిర్రున తిరుగుతున్నాయి. చీపురుతో కాదు, చేత్తోనే ఎత్తాను. చాటెడు అయ్యాయి.

మామ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక ఈగను అరచేతిలోకి తీసుకుని చూశాడు.

"ఆకలమ్మా," అన్నాడు చివరికి. "తోపు తీయించినాను కదా. వాటి నోటికాడ కూడు నేనే తీసేసినాను."

"నీ తప్పు కాదు మామా. నేనే చక్కెర పెట్టింటే సరిపోయేది."

"కాదులే. నాదే పాపం."

అలా ఒకరి పాపం ఒకరం లాక్కుంటూ కూర్చున్నాం. నేను చూడలేదని చెప్పను. ఆకలికి చచ్చే ఈగ తేనెపట్టు గదిలోకి తల దూర్చి, అడుగున ఏమైనా ఉందేమోనని నాకుతూ అక్కడే చస్తుంది. ఇవి ఆరుబయట చచ్చాయి, నాలుకలు బయటికి చాపి. నేను చూశాను. చూసి, మామ మొహం చూసి, ఆకలే అనుకున్నాను. అనుకుంటే ఇద్దరికీ తేలికగా ఉంది.

పది రోజుల్లో అయిదు పెట్టెలు ఖాళీ అయ్యాయి. మిగిలిన మూడింటికి అప్పుడు కూడా చక్కెర పెట్టలేదు. అంత మొండిదాన్ని.

శివరాత్రి ముందు రోజు ఆ మూడింట్లో చివరి పెట్టె మూత తీశాను. అదీ ఖాళీ అయి ఉంటుందనే తీశాను. పై అరలో ఒక పట్టు నిండా తేనె ఉంది. గదులకు మైనం మూతలు కూడా పడుతున్నాయి. ఎత్తితే చెయ్యి కిందికి లాగింది.

సంతోషం రావాలి కదా. నాకు రాలేదు. యాడనించి తెచ్చాయి? కానుగలు అప్పుడే ఆకు రాలుస్తున్నాయి, మొగ్గ కూడా లేదు. నేరేడు లేదు. వేప లేదు. నీలగిరి వేరు కూడా లేదు. ఆ మధ్యాహ్నం చెరువు కట్ట దాకా, అటు నుంచి రోడ్డు దాకా నడిచాను, ప్రతి చెట్టు కిందా నిలబడి పైకి చూస్తూ. పూసిన చెట్టు ఒక్కటి లేదు. ఒక్క మామిడి తప్ప, దాని పూత కూడా రాలి పిందె పట్టింది.

తేనె రంగు కూడా తేడాగా ఉంది. కానుగ తేనె లేతగా ఉంటుంది. నీలగిరిది ముదురు, వాసన ముందే చెబుతుంది. ఇది ఎర్రగా, చిక్కగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ పువ్వు వాసనా రాలేదు. వేలు ముంచి నాలుక మీద వేసుకుంటే తెలిసిపోయేదేమో. ఎంగిలవుతుందని వేసుకోలేదు.

మామ చూసి చేతులు జోడించాడు. "బిడ్డ కోసరం తెచ్చినాయి శశమ్మా. సగం సచ్చినా నీ మాట నిలబెట్టినాయి." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై రోజుల తర్వాత ఆయన మొహంలో వెలుగు చూశాను. ఇంక నేనేం మాట్లాడతాను? పట్టు పిండి, వడగట్టి, చిన్న స్టీలు డబ్బాలో పోసి దేవుడి దగ్గర పెట్టాను. అంతా కలిపి ఒక్క డబ్బా.

మగబిడ్డ పుట్టాడని నందీశ్ ఫోన్ చేశాడు. పదకొండో రోజు పురుడు, పేరు పెట్టడం. నాగేశ్‌కు ఫ్యాక్టరీలో షిఫ్టు పడి రాలేకపోయాడు. నేనూ మామా బస్సెక్కాం. డబ్బా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ముళబాగిలు నుంచి కేజీఎఫ్ దాకా దారి పొడుగునా ఇటూ అటూ చూస్తూనే ఉన్నాను. యాడా పువ్వు లేదు.

కోరమండల్‌లో నంజుండప్ప వాళ్ళది లైన్లో చివరి ఇల్లు. తలుపు ముందు నిలబడితే సైనైడ్ దిబ్బ కనిపిస్తుంది, బంగారం తీసేశాక మిగిలిన విషపు రాతిపిండి పోసిన బూడిద రంగు కొండ, పచ్చగడ్డి కూడా సరిగా మొలవదు. ఆయన గని మూసేదాకా మిల్లులో పనిచేశాడు. రాతి పిండిలోంచి బంగారం కరిగించి తీసే చోట. అంత బంగారం చూసిన మనిషి ఇంట్లో బిడ్డకు తేనె రాయడానికి ఉంగరం లేక, పక్కింటి నుంచి తెచ్చిపెట్టారు.

చంద్రిక గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మొహమంతా నవ్వింది. "అక్కా, వీడు నిన్న రాత్రంతా అరిచినాడు. నువ్వు రాయకముందే నీ గుణమొచ్చేసినాది."

బిడ్డను నా చేతుల్లో పెట్టింది. వెచ్చగా, బరువే లేకుండా ఉన్నాడు. నా చూపుడు వేలు పట్టుకుని వదల్లేదు. నాకు ఇంకేం అక్కర్లేదనిపించింది.

చంద్రిక తల్లి చెన్నమ్మ పీట వేసి, ఉంగరం కడిగి, గిన్నె తెచ్చింది. నేను ఒక మాట గుర్తుచేశాను. "ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏడాది దాకా తేనె పెట్టొద్దన్నాది కదమ్మా?"

"డాక్టరమ్మలు అంటా ఉంటారు. మనమంతా నాకినోళ్ళమే కదా, సచ్చినామా?" అంది చెన్నమ్మ.

నేనూ నవ్వేశాను. ఒక్క చుక్కకేమవుతుందిలే అనుకున్నాను. అంతలో గాలి లేచింది. చెన్నమ్మ గబగబా కిటికీలు మూసింది. దిబ్బ మీద దుమ్ము తెల్లగా లేవడం తలుపు సందులోంచి కనిపించింది.

మామ ఆ దుమ్ము వైపు చూస్తూ వియ్యంకుణ్ణి అడిగాడు. "దీని పక్కన బిడ్డలను ఎట్ల పెంచినావు బావా?"

"తెలిసిన విషంతో ఏం భయం బావా?" అన్నాడు నంజుండప్ప. "గాలి యాడనించి వస్తాదో తెలుసు. వచ్చినప్పుడు కిటికీ మూస్తాం, పోయినప్పుడు తెరుస్తాం. నలభై ఏండ్లు అట్లనే గడిచిపోయినాది. మీ పక్క తోటల్లోనే కదా ఇప్పుడు మందులు కొట్టేది ఎక్కువ?"

"కొట్టేది నిజమే. నేనయితే మా శశి ఈగలకు ఏమీ కాకూడదని పగలు కొట్టలేదు బావా. పొద్దు గుంకినాక కొట్టినాను." మామ గొంతులో గర్వం వినిపించింది. "మాపుటేళ కొడితే మంచుకు మందు జారిపోతాది కదా, ఇంగేం చేస్తాం? మా నాయన చేసేటట్ల, డ్రమ్ముకు రెండు అచ్చులు బెల్లం కరిగించి కలిపినాను. ఆకుకు పట్టుకొని వారం దినాలున్నాది, చూసుకో."

"బెల్లమా?" అన్నాడు నంజుండప్ప.

"పాత బెల్లం. ఎర్రది."

నేను డబ్బా మూత తీస్తున్నాను.

మందు కొట్టిన ఆకుల మీద, మంచుకు కరిగిన బెల్లపు తియ్యటి తడి. పువ్వు లేని ఊరు. నేను చక్కెర పెట్టక మాడ్చిన ఈగలు. నాలుకలు బయటికి చాపి చచ్చినవి తాగి చచ్చాయి, చావనివి తెచ్చి దాచాయి. అంతా ఒక్కసారే తెలిసింది. డబ్బాలో ఎర్రగా, చిక్కగా, ఏ పువ్వు వాసనా లేకుండా ఉంది.

"రాయి అక్కా," అంది చంద్రిక.

బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టేశాను. గిన్నెలోకి వంపుతున్నట్టు వంపి డబ్బా వదిలేశాను. నల్లబండల మీద తేనె నెమ్మదిగా పరుచుకుంది.

"అయ్యయ్యో!" చెన్నమ్మ చెంచా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏం కాలేదు, ఏం కాలేదు. బండలు పొద్దున్నే కడిగినాను. పైపైది ఎత్తుకుంటే బిడ్డకు చాలు."

ఆమె వంగింది. నేను తేనె మీద కాలు పెట్టాను.

ఒక కాలు కాదు, రెండూ పెట్టాను. పాదాల కింద చల్లగా, జిగటగా తగిలింది. చెన్నమ్మ చెంచాతో వంగినది వంగినట్టే నా మొహంలోకి చూసింది.

"వదినా!" అన్నాడు నందీశ్.

"కాలు జారింటాది," అన్నాడు మామ. "జారింది కదమ్మా?"

ఊళ్ళో నా నోటికి జడిసేవాళ్ళున్నారు. ఆ పూట ఆ నోరు నాకు అక్కరకు రాలేదు. ఏమని చెప్పాలి? మనవడి నాలుక కోసం నువ్వే విషం కలిపావు మామా అనా? తోపు తీయించినందుకే ఆయన ఇరవై రోజులు అన్నం సరిగా తినలేదు. నా కోసం మసకలో తిరిగిన మనిషి. పైగా అది విషమేనని నా దగ్గర రుజువేముంది? రుచి కూడా చూడలేదు.

"జారింది," అన్నాను.

"జారితే ఒక కాలు జారతాది," అంది చెన్నమ్మ. వంటింట్లోకి పోయి, నాకు వినపడేటట్టే పక్కింటామెతో అంది. "కడుపు పండనోళ్ళను పిలిచి పీట మీద కూర్చోబెట్టినాం. మాదే బుద్ధి లేదు."

చక్కెర నీళ్ళలో ఉంగరం ముంచి చెన్నమ్మే రాసింది. బిడ్డ చప్పరించాడు. పేరు పెట్టారు, పాయసం పంచారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. నేను తలుపు పక్కన కూర్చున్నాను, కాళ్ళు కడుక్కున్నా వేళ్ళ మధ్య ఇంకా అంటుకుంటూనే ఉంది. బండల మీది తేనెను ఎవరూ తుడవలేదు. తొక్కిన తేనె ముట్టుకుంటే కీడని చెన్నమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఎండ వాకిట్లోంచి తప్పుకునే వేళకు చీమలు బారు కట్టాయి. పిల్లలు ఒలకబోసిన పాయసం మెతుకుల మీద నల్లగా మూగాయి. ఆ బారు గోడ వారగా వచ్చి, తేనె అంచు దాకా వచ్చి, అక్కడ వంక తిరిగి చుట్టుకుని పాయసం వైపు పోతోంది. నేను కన్ను ఆర్పకుండా చూస్తున్నాను. రుజువు కావాలనుకున్నాను కదా, కళ్ళ ముందే ఉంది.

చెన్నమ్మ కూడా అటే చూస్తోంది. నడుం మీద చేతులు పెట్టుకుని అందరినీ పిలిచింది.

"రండి, చూడండి. ఒక్క చీమన్నా పట్టిందా? అసలైన తేనెకు చీమ పట్టదని మా యవ్వ చెప్పేది. అట్లాంటి బంగారం మాదిరి తేనెను కాళ్ళతో తొక్కినాది."

అందరూ వంగి చూశారు. నంజుండప్ప చూసి తల పంకించాడు. మామ చూశాడు. ఆయన మొహం ఒక పక్క బాధతో, ఒక పక్క గర్వంతో వణికింది.

"కల్తీ ఎట్లుంటాది చెల్లెమ్మా?" అన్నాడు. "మా శశి పెట్టెలది."

నేను చంద్రిక వైపు చూశాను. ఆమె ఒక్కతే నన్ను అడుగుతుందనుకున్నాను, ఎందుకక్కా అని. అడిగితే చెప్పేసేదాన్నేమో. ఆమె నన్ను చూసింది, తేనెను చూసింది. ఒళ్ళో బిడ్డ నిద్రపోతున్నాడు. నా చూపు బిడ్డ మీదికి పోవడం గమనించి, కొంగు లాగి వాడి మొహం మీద కప్పింది.